తీగ పీకిన రెండో పెట్టె

దయ్యాల ఇళ్ల మీద వార్తలు రాయడానికి నన్ను చాలాసార్లు పంపారు. ప్రతిచోటా చివరికి ఎలుకో, బిగించని కిటికీ రెక్కో తేలేది. నాకు దయ్యాల మీద నమ్మకం ఎప్పుడూ కలగలేదు. ఇది కూడా నమ్మకం కలిగి రాస్తున్నది కాదు.

తెలంగాణ వచ్చే ముందు ఏడాది. నేను సూర్యాపేటలో విలేకరిని. నా బామ్మర్ది వెంకన్న కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నెట్‌వర్క్ చూసేవాడు. బయటి నెట్‌కూ కాలేజీ కంప్యూటర్లకూ మధ్య కాపలాగా రెండు ఫైర్‌వాల్ పెట్టెలుండేవి. మొదటిది ఆగిపోతే రెండోది వెంటనే పని అందుకోవాలి. అది మాత్రం జరిగేది కాదు. మొదటిది నడుస్తుండగానే రెండోది తానే అసలుదాన్నని లేచేది. ఆ పోటీలో నెట్ మొత్తం నిలిచిపోయేది. నెలల తరబడి సెట్టింగులు మార్చి, తీగలు మార్చి వెంకన్న అలిసిపోయాడు. ఇంకోసారి నెట్ ఆగితే పనిలోకి రావద్దని యాజమాన్యం చెప్పేసింది.

అక్కడ ఆన్‌లైన్ ఉద్యోగ పరీక్ష జరిగిన రోజు వార్త కోసం వెళ్లాను. పరీక్షకు ముందే వెంకన్న రెండో పెట్టె కరెంటు తీగ పీకి, చుట్ట చుట్టి నేల మీద పెట్టాడు.

"మరి మొదటిది ఆగిపోతే ఎట్లరా?" అన్నాను.

"వీటిది ఇద్దరల్లుళ్ల పంచాయితీ బావా. ఒక్క కుర్చీకే కొట్లాట. ఒకడన్న ఇంటికి పోవాలె. మొదటిది గూడ ఆగితే ఇగ నేను పోత."

పెట్టెలున్న గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరం పరీక్ష జరిగే ల్యాబ్ బయట బల్ల మీద కూర్చున్నాం. పరీక్ష సాఫీగా జరిగింది. జవాబులన్నీ చేరాయని పర్యవేక్షకుడు చెప్పాకే లేచాం.

తాళం తీస్తే మొదటి పెట్టె దీపాలు ఆరిపోయి ఉన్నాయి. చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. రెండోదానికీ దీపాలు లేవు, కానీ అది వేడిగా ఉంది. చుట్టిన తీగ నేల మీదే ఉంది. ల్యాబ్‌లో మాత్రం నెట్ నడుస్తూనే ఉంది.

వెంకన్న రెండోదానికి తీగ తగిలించాడు. పెట్టె అప్పుడే కొత్తగా ఆన్ కావడం మొదలైంది. నెట్ అప్పుడు ఆగింది.

మిర్యాలగూడ నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చాడు. మొదటిది పరీక్ష మొదలైన కాసేపటికే చచ్చిపోయిందన్నాడు. నెట్ రావడానికి వేరే దారి ఉందేమోనని తీగ తీగా వెతికాడు. లేదు.

వెంకన్న ఉద్యోగం నిలిచింది. ఆ పెట్టె మూలపడేదాకా ప్రతి పరీక్ష రోజూ దాని తీగ పీకి, చుట్టి పక్కన పెట్టేవాడు. ఎందుకురా అంటే, "దాని సెట్టింగే గట్ల బావా" అనేవాడు.

ఆ గదికి కిటికీ లేదు. ఎలుక కోసం నేనూ వెతికాను.