పన్నెండు నులక మంచాలు

మొన్న మంగళవారం ఉదయం ఆరూ నలభైకి మా నాన్న మంచం మీద బకెట్టు నీళ్ళు పోశాను. ఆయన పోయి నాలుగు నెలలైంది. వదులైపోయిన కొబ్బరి నులకని తడిపి బిగిద్దామని మంచాన్ని పెరట్లోకి దింపించాను. నీళ్ళు పడగానే పాత పీచులోంచి మట్టి, పొగ, కాస్త పులుపు కలిసిన వాసన లేచింది. ఆ పులుపు నిజంగా ఉందో, నా ముక్కుకి గుర్తుండిపోయిందో చెప్పలేను. డెబ్భైల చివర, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక వేసవి పగలంతా ఆ వాసన సైకిళ్ళ మీద మా వెంట వచ్చింది.

మాది మలికిపురం దగ్గర ఊరు. నాన్న తాడిచెట్లు గీసేవాడు. ఊరి చివర కాలవగట్టున కాంతమ్మగారి కల్లుపాక ఉండేది. ఎండలు ముదిరితే ఊరు సగం అక్కడే కనిపించేది. తాటాకు నీడలో బల్లల మీద మనుషులు, వాళ్ళ చేతుల్లో ఆకుడొప్పలు, డొప్పల్లో తెల్లటి నురుగు, పక్కనే వేయించిన రొయ్యపొట్టు, ఎవరో కాలుస్తున్న జీడిపిక్కల ఘాటుపొగ, తాటికాయల్లోంచి వేలు పెట్టి మేం లాక్కుతినే ముంజలు, గోడకి చేరేసిన సైకిళ్ళు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చినవాళ్ళూ, శనివారం ఉపవాసం ఉండేవాళ్ళూ ఒకే బల్ల మీద కూర్చునేవారు. పిల్లలకి మాత్రం సున్నం రాసిన లొట్టి కుండలోంచి పులవని తీపినీళ్ళు పోసి, కాంతమ్మగారు మమ్మల్ని పొమ్మనేవారు.

ఆ యేడు వైశాఖంలో నడుముకి కట్టుకునే మోకు తెగి నాన్న చెట్టు మీంచి పడ్డాడు. గీతగాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా పడితే అతని చెట్లు ఎండిపోకూడదు. మిగిలినవాళ్ళు వంతులేసుకుని తమ చెట్ల తర్వాత అతని చెట్లు ఎక్కేవారు, దిగిన కల్లు అతని ఇంటిదిగానే పాకకి చేరేది. అలా మాకు తిండికి లోటు రాలేదు. నాన్నని మాత్రం వైనతేయ ఏటికి అవతల, అమలాపురం వైపు ఉన్న మిషను ఆసుపత్రిలో చేర్చారు. తుంటి ఎముక విరిగింది. మంచాలన్నీ నిండి ఉండడంతో వరండాలో చాప మీద పడుకోబెట్టారు. అప్పటికే ఆ వరండాలో మరో పదకొండుమంది నేల మీద ఉన్నారు. డాక్టరమ్మగారు అమ్మతో దాపరికం లేకుండా చెప్పారట. నేల మీద కదలకుండా ఉంటే వీపున పుండు పడుతుంది, వానలొచ్చి నేల చెమ్మగిల్లితే ఆ పుండు మానదు, అప్పుడు కాలు సంగతి కాదు, మనిషి దక్కడమే కష్టం.

ఆ మాట బాబాయి సత్తిబాబు పాకలో చెప్పాడు.  కాంతమ్మగారే ముందుగా అన్నారు.

"పన్నెండు మంచాలేగా. మనకి చేతుల్లేవా?"

మర్నాడే ఆవిడ పంటి మీద ఏరు దాటి వెళ్ళి డాక్టరమ్మగారిని కలిసి వచ్చారు.

"పుచ్చుకుంటారంట. కానీ ఆ మధ్య ఎవడో తాగొచ్చి సెలైను సీసాలు పగలగొట్టేడంట. మంచాలు తెచ్చినోళ్ళలో ఒక్కడి దగ్గర కల్లు వాసనొచ్చినా గేటు దాటనివ్వరంట."

"పాకోళ్ళం, వాసన రాకుండా ఎలాగండీ?" అన్నాడు బాబాయి.

"ఒక్కరోజు నోరు కట్టుకోండ్రా. చచ్చిపోరు."

వడ్రంగి సరుగుడు కర్రతో చట్రాలు చేశాడు. ఆడవాళ్ళు ఇంటింటా అరుగుల మీద కూర్చుని పీచు పేనారు. నులకని తడపకుండా నేస్తే బిగుసుకోదు. లాకులు మూసేశారు కనక కాలవలో నీళ్ళు లేవు. మంచినీళ్ళ చెరువు అడుగంటింది, అందులో పీచు నానబెడితే ఊరు ఊరుకోదు. పాక వెనక గాబుల్లో మూడురోజుల నాటి పుల్లకల్లు అమ్ముడుపోకుండా ఉంది. తడవడమేగా కావలసింది అని కాంతమ్మగారు నులకచుట్టలు అందులో పడేయించారు. అందరికీ సబబుగానే తోచింది.

బయల్దేరిన రోజు పన్నెండు సైకిళ్ళు వరసగా నిలిచాయి. ఒక్కో సైకిలుకి ఒక్కో మంచం పక్కకి నిలబెట్టి కట్టారు. నాలుగు కాళ్ళూ ఒకే వైపు పొడుచుకొచ్చి, ప్రతి సైకిలూ అటే ఒరిగేది. నేను బాబాయి సైకిలు ముందు కమ్మీ మీద, కాంతమ్మగారు ఇంకెవరి సైకిలు వెనకో. దారిలో ఇళ్ళముందు ఆడవాళ్ళు సంగతి కనుక్కుని పాత దుప్పట్లు ఉతికినవి తెచ్చి మంచాల మీద వేసేవారు. తాటిపాక దాటాక ఇంకో కల్లుపాక వచ్చింది. బల్లల మీంచి కేకలు వినిపించాయి.

"మావోయ్, మంచాలేసుకుని ఎవరింటికి ఇల్లరికం? ఒక్క డొప్ప తాగి పొండి!"

"ఆయ్, ఇవాళ మేం పెళ్ళికూతుళ్ళవండీ, ఉపవాసం!" అని బాబాయి ఆగకుండా తొక్కాడు. అతని గడ్డం మీంచి చెమట నా నడినెత్తిన పడుతూనే ఉంది. పాశర్లపూడి రేవులో పంటి ఎక్కాక, ఏటిగాలికి నోళ్ళు తెరుచుకుని పన్నెండుమందీ దోసిళ్ళతో నీళ్ళే తాగారు.

ఆసుపత్రి గేటు దగ్గర డాక్టరమ్మగారు ఎదురొచ్చారు. నాలుగడుగుల దూరంలోనే ఆగి ముక్కు ఎగబీల్చారు. ఆవిడ మొహం మారిపోయింది.

"నేను ముందే చెప్పాను కదా."

"అమ్మతోడండీ, చుక్క ముట్టలేదండీ" అన్నాడు బాబాయి.

ఆవిడ ఒక్కొక్కరినీ దగ్గరికి పిలిచి నోరు తెరిచి ఊదమన్నారు. బీడీ, ఆవకాయ తప్ప ఇంకే వాసనా లేదు. అయినా గాలి నిండా కల్లే. మావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పొద్దున్న లేస్తే ఆ వాసనలోనే తిరిగే మనుషులు, వాళ్ళకది తెలియనే లేదు. కాపలా అతను గేటు రెక్క మూయబోయాడు. ఊచల్లోంచి నాకు వరండా, చాప, చాప మీద నాన్న కనిపిస్తున్నాడు.

అప్పుడు నాన్న పడుకున్నచోటి నుంచే గట్టిగా అన్నాడు.

"అమ్మగారూ, అది తాగినోళ్ళ వాసన కాదండీ. ఆ పులుపు మనిషి నోట్లోంచి రాదండీ. గాబులో మూణ్ణాళ్ళు ఊరిన కల్లండది. నులకకి పట్టుంటది, చూడండి."

మూడు వారాలుగా ఫినాయిలు వాసనలో పడుకున్న ముక్కది. డాక్టరమ్మగారు మంచం అల్లికలోకి వేళ్ళు దూర్చి వాసన చూశారు. ఇంకో మంచం దగ్గరికి వెళ్ళి వంగి చూశారు.

"మీ ఊళ్ళో నీళ్ళు లేవా?"

"కాలవలు కట్టేసేరండీ" అన్నారు కాంతమ్మగారు. "కల్లుందండీ."

డాక్టరమ్మగారు గోడవైపు తిరిగారు. ఆవిడ భుజాలు కదలడం నేను చూశాను. తిరిగేసరికి మళ్ళీ గంభీరంగానే ఉండి, నూతి వైపు చెయ్యి చూపించారు. పన్నెండుమందీ నీళ్ళు తోడి మంచాలు కడిగి ఆసుపత్రి ఆవరణలో ఎండబెట్టారు. పొద్దు వాలకముందే నలుగురు దుప్పటి కొసలు పట్టుకుని నాన్నని మంచం మీదికి ఎత్తారు. వాసన పూర్తిగా పోలేదని నర్సు సందేహించింది.

"ఉండనివ్వండి" అంది నాన్న దగ్గరే ఉంటున్న అమ్మ. "ఆ వాసనకైతే ఈయనకి నిద్ర పడుద్దండీ."

వారం తిరక్కుండా మొదటి వాన పడింది. వరండా నేల తడిసింది. పన్నెండుమందిలో ఎవరి వీపూ తడవలేదు. దీపావళికి ముందు నాన్న కర్ర పట్టుకుని పంటి దిగాడు. మళ్ళీ చెట్టెక్కలేదు. ప్రతి వేసవీ లాకులు మూసిన రోజుల్లో మాత్రం బాబాయి సైకిలు వెనక కూర్చుని ఆసుపత్రికి వెళ్ళి, వదులైన నులకలన్నీ బిగించి వచ్చేవాడు. కొన్నేళ్ళకి ఇనపమంచాలొచ్చాయి. మిగిలిన ఒక్క నులకమంచాన్ని ఆసుపత్రివాళ్ళు నాన్నకే ఇచ్చేశారు. మొన్న నేను నీళ్ళు పోసింది దానిమీదే.

ఏటి మీద వంతెన పడింది, పంటి లేదు. కాంతమ్మగారూ, బాబాయీ లేరు. నులక బిగించడం నాకు పూర్తిగా రాదు. నాన్న చేస్తుంటే చూసినంత మేరకు లాగి ముడేశాను. పక్కింటి పాప ఎక్కి రెండుసార్లు ఎగిరి, బానే ఉందంది. రేపటి నుంచి దానిమీదే పడుకుంటానంది. సరేనన్నాను.

మా వైపు ఇప్పుడు ఆసుపత్రికి ఎవరూ మంచం నేసి తీసుకెళ్ళరు.