రెండో చెవులపిల్లి

మా ఇంట్లో ఏ మూల ఊడ్చినా నూలే. సిరిసిల్లలో ఇంటి గోడకు ఆనుకొని సాంచాల షెడ్డు ఉంటే అంతే మరి. సాంచాలంటే మరమగ్గాలు. తెల్లటి లంగా గుడ్డ నేస్తుంటే పీచు లేచి అన్నం గిన్నె మీద, దేవుడి పటం మీద, చివరికి మా అత్తమ్మ కళ్లద్దాల మీద కూడా వాలుతుంది. అందుకే నా బిడ్డ పెంచుకుంటున్న తెల్ల కుందేలు బోనులో తెల్లటి కుచ్చులు కనబడితే, చీపురందుకోవడం తప్ప ఎవరం ఏమీ ఆలోచించలేదు. నూలు పీచే అనుకున్నాం.

కుందేలు మాత్రం రోజురోజుకూ చిక్కిపోయింది. కొత్తిమీర పెడితే వాసన చూసి వదిలేసేది. మూలకు మొహం పెట్టి కూర్చునేది. ఇక లాభం లేదని అత్తమ్మ బోయినపల్లిలో ఎవుసం చేసుకునే తమ్ముడికి ఫోన్ చేసింది. "మనింట్ల చెవులపిల్లి ఉన్నది తమ్మీ. శ్రావణంల ఈడ మనోళ్ల పెండ్లికి అస్తవు గద, అప్పుడు తీస్కపో." తీసుకెళ్లి ఏం చేస్తాడో అందరికీ తెలుసు. మసాలా నూరడంలో ఆయనకు మంచి పేరు. నా బిడ్డ ఆ పూట అన్నం ముట్టలేదు.

అదే వారం నూలు రాక షెడ్డు మూతపడింది. సాంచాలన్నీ ఆగాయి. ఇదే సందని ఇల్లంతా కడిగాను, బోనుతో సహా. మర్నాడు చూస్తే బోనులో మళ్లీ తెల్ల కుచ్చులు! నేత లేదు, పీచెక్కడిది? కుందేలును ఎత్తి తిప్పి చూశాను. ఛాతీ మీద బోడిగా ఉంది. తన బొచ్చు తనే పీక్కుంటోంది. ఇన్నాళ్లూ మేం దాని దిగులును ఊడ్చి బయట పోస్తున్నాం.

బుట్టలో పెట్టుకొని బస్సెక్కి జగిత్యాల పోయాను. పశువుల డాక్టరమ్మ పళ్లు చూసింది, పొట్ట నొక్కింది, చర్మం చూసింది. "రోగమేం లేదు. ఇంట్ల ఇంకోటి ఉన్నదా?" అంది. లేదన్నాను. "మరి ఇది ఎవరితోటి బతకాలె?" అంది.

మా ఆయన విని నవ్వాడు. "పొద్దందాక బిడ్డ దాన్నే ఎత్తుకొని తిరుగుతది. ఇంకేం తోడు?"

"నిన్ను దుబాయ్‌ల ఇడిసిపెట్టి, గక్కడోళ్లు రోజు ప్రేమగ నీ తలకాయ నిమిరితె సాలా? తెలుగు మాట్లాడెటోడు ఒక్కడన్న వద్దా?" అన్నాను. ఆయన టీవీ సౌండ్ పెంచాడు.

కోరుట్లలో మా చెల్లె వాళ్ల పక్కింట్లో కుందేళ్లు పెంచుతారు. అక్కడ ఒక మగదాన్ని అడిగి తీసుకున్నాను. "గవి ఇగ ఇల్లు నింపుతయి" అని అత్తమ్మ దెప్పింది. ఆ మాట ఆమె అంటుందని నాకు తెలియదా? డాక్టరమ్మతో ముందే పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించి, కొన్ని వారాలు చెల్లె దగ్గరే ఉంచి, ఆ తర్వాతే ఇంటికి తెచ్చాను.

తెచ్చి నేరుగా మా కుందేలు బోనులో వదిలాను. మాదే ఎగిరి కరిచింది. బొచ్చు గాల్లోకి లేచింది.

"సూసినవా నీ సుట్టరికం!" అంది అత్తమ్మ.

ఆ మాటతో నాకు పట్టుదల వచ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే చీవాట్లు పెట్టింది. దాని ఇంట్లోకి ఎవరినో తోస్తే ఊరుకుంటుందా అంది. అప్పటినుంచి రెండు బోన్లు పక్కపక్కన పెట్టాను. దీని కింది గుడ్డ దానికి, దాని కింది గుడ్డ దీనికి మార్చేదాన్ని. మేత జాలీకి అటొక పిడికెడు, ఇటొక పిడికెడు పెట్టేదాన్ని. మొదట్లో మాది వీపు తిప్పుకొని తినేది. తర్వాత ఎదురుగా కూర్చొని తింది. ఒకరోజు జాలీకి ఆనుకొని పడుకుంది. అవతల అదీ ఆనుకునే ఉంది.

పెండ్లి ముందు రోజు రెంటినీ డాబా మీది ఖాళీ గదిలో వదిలాం. రెంటికీ కొత్త చోటే. చేతిలో తువ్వాలు పట్టుకొని, కొట్లాడితే మీద వేద్దామని నిలబడ్డాను. మాది మెల్లగా వెళ్లి దాని ముందు తల నేలకు ఆనించింది. అది కాసేపు చూసి, మా కుందేలు నుదురు నాకడం మొదలుపెట్టింది. మేమెంత నిమిరినా బెరుకుగా తెరిచే ఉంచే కళ్లను మాది అప్పుడు సగం మూసుకుంది. నా బిడ్డ నా చెయ్యి పిసికేసింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తెల్లారి బోయినపల్లి నుంచి అత్తమ్మ తమ్ముడు గంప పట్టుకొని దిగాడు. అత్తమ్మే ఆయన్ని డాబా మీదికి తీసుకెళ్లింది. వెనకే మేమూ ఎక్కాం. రెండూ ఒకదాన్నొకటి ఒరుసుకొని కొత్తిమీర కరకర నములుతున్నాయి. అత్తమ్మ గుమ్మంలో ఆగిపోయింది. తమ్ముడు లోపలికి అడుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈటి జోలికి రాకు తమ్మీ. కోడిని కోయిస్త, తిని పో."

మెట్లు దిగేటప్పుడు నా వైపు చూడకుండానే, "కొత్తిమీర అయిపోయినట్టుంది, రెండు కట్టలు తేపో" అంది. సంచి పట్టుకొని బజారుకు నడిచాను. ఆ పొద్దు సిరిసిల్లలో నా అంత గెలిచిన మనిషి ఇంకొకరు లేరు.