రాహుకాలంలో వాలీబాల్

ముప్పై ఏళ్లుగా నేను రాహుకాలంతో తగాదా పడుతున్నాను. అది నాతో ఎప్పుడూ తగాదా పడలేదు.

ప్రత్తిపాడులో మేం టీ తాగే కొట్టు ముందు ఒక నల్లబోర్డు వేలాడుతుంది. రోజూ దానిమీద రాహుకాలం, వర్జ్యం వేళలు రాసి ఉంటాయి. దాన్ని తీసేయమని కొట్టాయనతో ఎన్నో వాదాలు చేశాను. ఆయన వాదించడు, టీ పోస్తాడు. మొన్న వేసవిలో ఒక ఆదివారం, నేను వేటపాలెం దగ్గర సముద్రపు ఒడ్డుకి వాలీబాల్ ఆడటానికి వెళ్తున్నానని విని అడిగాడు.

"ఆట ఎన్నింటికండి మాస్టారూ?"

"నాలుగున్నరకి."

"సరిగ్గా రాహుకాలం. ఆరు దాటాక పెట్టుకోవచ్చుగా."

"రాహుకాలంలోనే ఆడతాం. గెలిస్తే ఈ బోర్డు తీసేస్తారా?"

"తీసేస్తానండి. ఓడితే?"

"ఓడితే నెల రోజులు నా చేత్తో నేనే రాస్తాను."

రాహుకాలానికీ ఆటకీ సంబంధం లేదని రుజువు చేయడానికి ఆ రెంటికీ నేనే ముడిపెట్టానన్న సంగతి, పిల్లలకి తర్కం బోధించే నాకు, చీరాల దాటేదాకా తట్టలేదు.

ఇసుకలో ఆట జట్టుకి ఇద్దరే. నా జోడీ చిన్ననాటి స్నేహితుడు, గుంటూరు మిర్చి యార్డులో దళారీ. అయిదు పూటలా నమాజు చేస్తాడు. దేవుడి మీద నేను చెప్పేదంతా ఓపిగ్గా విని "అయిందా? పద" అంటాడు. అవతలి వాళ్లు జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే బావా బావమరుదులు. బావ పొడుగు, బావమరిది పొట్టి. పొట్టాయన రాగానే నెట్టు కట్టిన ఒక గుంజకి నిమ్మకాయా మిరపకాయలూ గుచ్చిన దారం కట్టాడు. తర్వాత, తూర్పు ముఖంగా నిలబడే వైపే కావాలన్నాడు. నేను నవ్వి ఇచ్చేశాను. తూర్పు చూసేవాళ్లకి సముద్రం కనిపిస్తుంది, పడమర చూసేవాళ్లకి ఎండ కళ్లలో పొడుస్తుంది. ఇది మొదటి బంతికి తెలిసింది.

మొదటి సెట్టు చిత్తుగా పోయింది. నేను సర్వీసు చేసి, నా బంతి ఎంత చక్కగా వెళ్తోందో చూస్తూ నిలబడేవాణ్ణి. అది తిరిగి వచ్చి ఎక్కడో పడేది. హేతువాద సభల్లోనూ నాకిదే అలవాటు. ఎదుటివాడు నోరు తెరవకముందే నా జవాబు తయారు కనుక, వాడు ఏమంటున్నాడో వినే అవసరం ఎప్పుడూ రాలేదు.

నా స్నేహితుడు నీళ్ల సీసా నా చేతిలో పెట్టాడు. "ఒరేయ్, నువ్వు బంతిని చూస్తున్నావు. బంతికేం తెలుసురా? యార్డులో నేను కాయను చూసి బేరం చేస్తాననుకున్నావా? కాయ అందరికీ కనపడుతుంది. కొనేవాడి ముఖం చూసి చేస్తా."

"అయితే ఇప్పుడేం చూడమంటావు?"

"పొట్టాయన మోచెయ్యి. అది వంగితే బంతిని ముందు పడేస్తాడు. చెయ్యి చాచితే వెనక్కి కొడతాడు. పొడుగాయన కొట్టే ముందు నీ కాళ్లు చూస్తాడు. నువ్వు ఎటు బరువు వేస్తే అవతలి పక్కకి కొడతాడు."

"ఇదంతా ఎప్పుడు కనిపెట్టావు?"

"నువ్వు నిమ్మకాయని చూసి నవ్వుతున్నప్పుడు."

రెండో సెట్టుకి వైపులు మారాం. మోచెయ్యి వంగితే ముందుకి ఉరికాను, చాచితే వెనక్కి తగ్గాను. ఇంత సులువైన సంగతి ఇన్నేళ్లు నాకెవరూ చెప్పలేదేమని కోపం కూడా వచ్చింది. ఆ సెట్టు గెలిచాం. నల్లబోర్డు కిందికి దిగుతున్నట్టే అనిపించింది. అది దిగాక కొట్టు ముందు ఏం మాట్లాడాలో రెండు వాక్యాలు మనసులో రాసుకున్నాను కూడా.

మూడో సెట్టుకి ఎండ పోయింది. దానితో మా సాకూ పోయింది. పద్నాలుగు, పదమూడు. వాళ్లకి ఒక్క పాయింటు చాలు. పొట్టాయన మోచెయ్యి వంగింది. ముందుకి పడి బంతిని లేపాను. స్నేహితుడు అందంగా ఎత్తి ఇచ్చాడు. బలం కొద్దీ కొట్టాను. బంతి పడేచోట పొడుగాయన అప్పటికే నిలబడి ఉన్నాడు. ఎవరో పిలిస్తే వచ్చినట్టు నిలబడి, దాన్ని నెమ్మదిగా మా వెనక ఖాళీలోకి పంపాడు.

ఒడ్డున కూర్చుని చూస్తున్న పెద్దాయన ఒకరు పంచె దులుపుకుంటూ లేచారు. "రాహుకాలంలో దిగితే ఇంతేగా మరి."

గుంజ దగ్గర దారం విప్పుతున్న పొట్టాయన ఒప్పుకోలేదు. "రాహుకాలమేం చేస్తుందండి. మాస్టారు కొట్టే ముందు ఈ నిమ్మకాయ వంక ఒక చూపు చూస్తారు. బంతి ఈ గుంజ పక్కకే వస్తుంది. రెండో సెట్టు పోతుంటే కనిపెట్టి, మా బావని ఇక్కడే నిలబడమన్నా."

"మరి దీన్ని ఎందుకు కట్టారు?" అన్నాను.

"మా ఆవిడ కట్టమందండి. కట్టకపోతే ఇంటికెళ్లాక నాకు దిష్టి."

ఆడిన నలుగురిలో ముగ్గురు ఆ నిమ్మకాయ వంక చూడకుండా ఆడారు. దాన్ని చూసి నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే, అది పనిచేసిందీ నామీదే.

తిరుగుదారిలో బండి నడుపుతూ స్నేహితుడు అడిగాడు. "కొట్టు దగ్గర ఏం చెప్తావురా?"

"నిజమే చెప్పాలిగా. నిమ్మకాయ వల్ల ఓడిపోయామని."

వాడు బండి పక్కకి ఆపి మరీ నవ్వాడు.

మర్నాడు సోమవారం. తెల్లవారగానే వెళ్లి నా దస్తూరీతో రాశాను: రాహుకాలం, ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది. రాసి, నోరు మూసుకుని అక్కడే కూర్చున్నాను. కొట్టు ముందు అలా కూర్చోవడం నాకదే మొదటిసారి. ఏడూ నలభైకి గుంటూరు బస్సొచ్చింది. బోర్డు చదివిన రైతులు దాన్ని ఇంకోసారి చూసి, బస్సెక్కారు. పత్తి విత్తనాలకి వెళ్లేవాడు వెళ్లాడు, పెళ్లిచూపులకి వెళ్లే ఇద్దరు మాత్రం ఆగారు. కొట్టాయన బోర్డు సరిగ్గా వేలాడుతోందో లేదో చూసుకుని, కొత్త పొయ్యి బేరానికి ఆ రాహుకాలంలోనే సైకిలెక్కాడు.

ఇన్నేళ్లూ నేను వాదించింది ఎవరితోనో నాకు అర్థం కాలేదు. నెల పూర్తయిన రోజు కొట్టాయన అన్నాడు. "ఇంకో నెల మీరే రాయకూడదా మాస్టారూ. మీ అక్షరాలు బాగున్నాయి, దూరానికి కనపడుతున్నాయి."

రాస్తున్నాను. ఎవరు ఆగుతారో, ఎవరు బస్సెక్కుతారో ఇంకా పూర్తిగా తెలియలేదు.