లారీ వెళ్ళలేని చోటు

మా ఆయన ముక్త్యాల నుంచి సిమెంటు లోడు తోలతారు. పెళ్ళయిన కొత్తలో నాగపూర్ నుంచో కటక్ నుంచో ఫోన్ చేసి అక్కడి చలి గురించి, టీ గురించి చెబుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. నేను మాత్రం జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగేదాన్ని. అక్కడ ఓ ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. రోజూ గ్లోబు తిప్పి పిల్లలకు సముద్రాలు చూపించే నేను చూసింది ఒక్క మంగినపూడి బీచినే. అదీ చర్చి వాళ్ళతో వెళ్ళి, ఒక్క పూట.

మొన్న వేసవి సెలవుల ముందు మా హిందీ టీచరు అండమాన్ మాట ఎత్తింది. నలుగురం ఆడవాళ్ళం. హైదరాబాద్ నుంచి విమానం. ఆదివారం భోజనాల దగ్గర మా ఆయన్ని అడిగాను. ఆ రోజు మా ఆడపడుచు కూడా ఇంట్లోనే ఉంది. కాపురం చేసుకునే ఆడది సముద్రం మధ్యకు పోవడమేంటని ఆవిడ ముక్కున వేలేసుకుంది. ఆయన నవ్వేశారు.

"అంత దూరం ఆడాళ్ళే ఎట్టా పోతారు? నాకు ఖాళీ అయినప్పుడు చూద్దాంలే."

ఆ 'చూద్దాంలే' నాకు కొత్త కాదు. అరకుకీ అదే, ఊటీకీ అదే.

"దూరమేముందండీ? పేట నుంచి హైదరాబాద్ బస్సుకే నాలుగు గంటలు పడుతుంది. అక్కణ్ణించి అండమాన్ రెండున్నర గంటలంతే."

"ఇది రోడ్డు. అక్కడ నీకేమన్నా అయితే లారీ వేసుకుని రాగలనా?"

"రాలేరు. మీ లారీ రాలేని చోటు ఒక్కటన్నా చూసొస్తా."

ఆయన కంచంలో పప్పు వడ్డించాను. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఆయన మూతి ముడుచుకుని తిరిగారు. ఆడపడుచు మా అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. అమ్మ ఏడ్చి, మానుకోమంది. నేను మానలేదు.

బయల్దేరిన రోజు బస్టాండు దాకా ఎవరూ రాలేదు. బ్యాగు నేనే ఆటోలో వేసుకుని వెళ్ళాను. విమానం లేచేటప్పుడు హిందీ టీచరు చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. భయమేసింది. దిగిపోవాలని మాత్రం అనిపించలేదు. కాసేపటికి చెరువులు, పొలాలు, ఊళ్ళు అన్నీ అయిపోయి, కింద నీలం ఒక్కటే మిగిలింది. ఇన్నేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న బంగాళాఖాతం అదే. కళ్ళు తిప్పుకోకముందే దిగబోతున్నామన్నారు.

మర్నాడు బీచిలో నడుం లోతు నీళ్ళలో ఉండగా హిందీ టీచరు నా ఫోను పట్టుకొచ్చింది. వీడియో కాల్. మా ఆయన ఎక్కడో లోడు దింపుతుంటే లారీ నీడన కూర్చున్నారు.

"ఎప్పుడొస్తావ్?"

"తనివితీరా చూశాక."

ఆయన సముద్రం వైపు ఫోను తిప్పమన్నారు. తిప్పాను. చాలాసేపు చూశారు.

ఆడపడుచు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడదు. నేనూ బతిమాలలేదు. వచ్చే సెలవులకు లక్షద్వీప్ అనుకుంటున్నాం. కొచ్చి దాకా రైలు, అక్కణ్ణించి విమానం. ఈసారి ఇంట్లో పర్మిషన్ అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. విమానం ఎంతసేపని అడిగారు మా ఆయన. గంటన్నర అన్నాను. తలూపి అన్నం కలుపుకున్నారు.