జలాల్ భాయి జేబులో ఫ్యూజు

జలాలుద్దీన్ ఏ మోటారును ముట్టినా, ముందు దాని ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెడతాడు. పని ముగిసేదాకా ఆ గుండీ ఊడదు. బొగ్గు బావిలో ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్‌గా చేసి ఆయన రిటైరయ్యాడు గానీ, ఆ అలవాటు కాలేదు. ఒకసారి సెంటినరీ కాలనీలో పెళ్లివారి నీళ్ల మోటారు ఫ్యూజు జేబులో ఉండగానే నమాజుకు వెళ్లాడు. పెళ్లికొడుకు ఒంటినిండా నలుగుతో గంటసేపు ఎండలో నిలబడ్డాడు. తిరిగొచ్చాక ఈయన అన్న మాట: "మంచిగనే అయింది, రంగు పట్టింది."

అలాంటి మనిషి ఒక పొద్దున పిలవకుండానే గోదావరిఖనిలో సారవ్వ ఇంటికి వచ్చాడు. సారవ్వ రోజూ రెండో షిఫ్టుకు నలభై డబ్బాల అన్నం వండి పంపుతుంది. పన్నెండున్నరకు ఆటో వస్తుంది, ఎవరి కోసమూ ఆగదు. డబ్బా అందకపోతే నలభై మంది ఖాళీ కడుపుతో బావిలోకి దిగాలి. ఆమె బియ్యం కడగబోతుంటే నీళ్ల మోటారు ఆగింది. వెళ్లి చూస్తే జలాలుద్దీన్ జేబుకు గుండీ పెడుతున్నాడు.

"ఏంది భాయి గిది? మంచిగ నడిచేదాన్ని ఎందుకు బంద్ వెట్టినవ్? నిన్నెవలు పిలిచిన్రు?"

"ఎవలు పిలువలే అక్క. వైర్లు మళ్ల కట్టాలె."

"ఫ్యూజియ్యి!"

"పానమడుగు, ఇస్త. ఫ్యూజియ్య."

సారవ్వ గరిటె ఎత్తింది. ఆయన టెస్టరు తీశాడు. ముందు వంటింటి ప్లగ్గులో పెట్టి వెలుగుతుందో లేదో చూశాడు, తర్వాత మోటారు వైర్లకు పెట్టాడు, మళ్లీ ప్లగ్గు దగ్గరికి నడిచాడు.

"ఫ్యూజు నీ జేబులనే ఉన్నది గదా! ఇంకేం చూస్తవ్?"

"టెస్టరు అబద్ధమాడొచ్చు అక్క."

"నీ మీదన్న నీకు నమ్మకముందా?"

"అస్సల్ లేదు."

అప్పుడే ఆయన భార్య అక్బరీ బేగం రెండు బిందెలతో వచ్చింది. "బియ్యం కడుగు అక్క, ఇంకా తెస్త. నీకు నీళ్లు గావాలని పొద్దుగాల నుంచి మమ్మల్ని చుక్క ముట్టనియ్యలే ఈయన."

"ఏం పుట్టింది ఈయనకు?"

"నల్లా పట్టుకుంటె చెయ్యి జివ్వుమంటుందని నువ్వే అంటివి గదా! గా ముచ్చట రాత్రి చెప్పిన. అన్నం ముందటికెల్లి లేచిండు."

"అది వాతం! మూడు నెలల సంది నూనె రాస్తున్న!"

జలాలుద్దీన్ మోటారు మూత తీసి చూపించాడు. ఒక వైరు తోలు కాలిపోయి, రాగి తీగ మోటారు ఇనుముకు ఆనుతోంది.

"గిదే అక్క నీ వాతం."

తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డ సారవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

ఆయన కాలిన ముక్క కోశాడు. తీగలో ఒక్క పోగూ బయటికి రాకుండా మెలేసి నట్టు కింద బిగించాడు. లాగి చూశాడు. మోటారు ఒంటికి ఆకుపచ్చ ఎర్త్ వైరు కట్టాడు. మళ్లీ లాగి చూశాడు.

పక్క క్వార్టరులోకీ అదే మోటారు నీళ్లు. అక్కడి ఎల్లేశం గోడ మీంచి అరిచాడు. "రెండు తీగలు కలుపుతందుకు ఎంతసేపు భాయి? నేను తానం జేసి డ్యూటీకి పోవాలె. జల్ది గానియ్యి!"

సారవ్వ గరిటె అటు తిరిగింది. "జల్దా? ఇంకోసారి అను! నీ డబ్బాల అన్నం ఉండదు, ఉత్త మూతే వస్తది!"

ఎల్లేశం తల గోడ దిగింది. పన్నెండున్నరకు నలభై డబ్బాలూ నిండుగా ఆటో ఎక్కాయి. ఎల్లేశం మాత్రం తానం లేకుండానే డ్యూటీకి పోయాడు.

"అయింది గానీ అక్క," జలాలుద్దీన్ నసిగాడు, "మళ్లొక్కసారి చూడనా?"

"ఒక్కసారేంది?" అంది సారవ్వ, ఆయనకు కుర్చీ వేస్తూ. "మూడుసార్లు చూడు. జల్ది అనుకుంట ఎవడొస్తడో నేను చూస్త."