ఆకుపచ్చ దారం కట్టిన కాయిల్

2022, మృగశిర కార్తె దాటిన వారం. వరంగల్ స్టేషన్ వెనక సందులో నా దుకాణం ముందు ఒక ఆటో ఆగింది. గోనెసంచిలో చుట్టిన బరువైన సామాను ఎత్తుకొని అరవై దాటిన మనిషి దిగాడు. నాది మాగ్నెటో పని. పాత స్కూటర్లు, కిరోసిన్ పంపుసెట్లు, మందు కొట్టే మిషన్లు ఇట్లా బ్యాటరీ లేకుండా నడిచే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే భాగాన్ని మాగ్నెటో అంటారు. ముప్పై ఐదేళ్లుగా ఇదే నా బతుకు. ఈ కాలంలో ఇదేం పని అని నవ్వేవాళ్లున్నారు. వాళ్ల ఇంజన్ ఆగిన రోజు మాత్రం నవ్వరు.

సంచి విప్పితే అవుట్‌బోర్డ్ మోటారు. అంటే పడవ వెనక చెక్కకు తగిలించేది. పైన తాడు చుట్టి గుంజితే స్టార్టవుతుంది. పేరున్న రేకు ఎప్పుడో ఊడిపోయింది. వయసులో నాకంటే పెద్దదే అయి ఉంటుంది. సముద్రం లేని ఊళ్లో పుట్టిన నాకు అలాంటిది చేతికి రావడం అదే మొదలు. చిన్నపిల్లాడికి బొమ్మ దొరికినట్టు సంబరపడ్డాను. ఆ సంబరం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మంచి ముసలి ముండనే తెచ్చినవ్ అన్నా. నడిపిద్దాం, ఫికర్ జెయ్యకు" అన్నాను.

"నడిపియ్యాలని తేలేదు తమ్మీ," అన్నాడాయన. "ఆ రోజు ఎందుకు నడవలేదో చెప్పు. గంతే సాలు."

ఆయన పేరు ఎల్లయ్య. ధర్మసాగర్ దిక్కు ఒక ఊళ్లో చేపల సొసైటీ పడవ నడిపేవాడు. మూడేళ్ల కింద వానాకాలంలో ఒక సాయంత్రం గాలి లేచింది. చెరువు నడుమ థర్మాకోల్ తెప్ప మీద వల తీస్తున్న ఆయన మేనల్లుడు రమేశ్ నీళ్లలో పడ్డాడు. కాళ్లకు వల చుట్టుకుంది. ఎల్లయ్య పడవెక్కి తాడు గుంజాడు. మోటారు స్టార్ట్ కాలేదు. మళ్లీ గుంజాడు, మళ్లీ గుంజాడు. ఆఖరికి తెడ్లేసుకొని పోయేసరికి నీళ్ల మీద తెప్ప ఒక్కటే ఉంది.

"గాబరల చోక్ గుంజి గుంజి ఇంజన్ల పెట్రోల్ నింపిన్నట. ఊరంతా గదే మాట. మా అక్క నాతోని మాట్లాడ్తలేదు. రమేశ్ ఆమె కొడుకు గదా. నా చేతులనే తప్పున్నదా, మిషన్లనే ఉన్నదా? నువ్వు జెప్పు. మిషన్ల ఉంటే పోయి మా అక్క కాళ్ల మీద పడి జెప్త."

సొసైటీ వాళ్లు ఆ మోటారును పాత సామాన్ల గదిలో పడేశారట. తుక్కు కింద అమ్ముతుంటే ఎల్లయ్య అడిగి తెచ్చుకున్నాడు. ఆ రోజు తర్వాత దాన్ని ఎవరూ విప్పలేదు.

మర్నాడు పొద్దున పని మొదలుపెట్టాను. ఇలాంటి మోటారులో మాగ్నెటో మొత్తం పైనున్న ఫ్లైవీల్ అనే బరువైన చక్రం కింద దాక్కొని ఉంటుంది. దాన్ని సుత్తితో కొట్టకూడదు, కొడితే లోపలి అయస్కాంతం బలం పోతుంది. చక్రాన్ని పైకి లాగే పుల్లర్ బిగించి మెల్లగా లేపాను. కింద మూడే వస్తువులు. పాయింట్లు, అంటే కరెంటును తెరిచి మూసే చిన్న నాలుక. అది బాగానే ఉంది. దాని పక్కన పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్, అదీ బాగానే ఉంది. మూడోది రవ్వకు బలమిచ్చే కాయిల్. వెంట్రుకంత సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టి, పైన గుడ్డపట్టీ వేసి, వార్నిష్‌లో ముంచి ఆరబెట్టేది. తుడిచి చూస్తే పట్టీ చివర ఆకుపచ్చ దారంతో రెండు ముడులు.

నా చేతులు ఆగిపోయాయి. మా ఆవిడ మిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ఆమె డబ్బాలోంచి ఆకుపచ్చ దారం తీసి అట్లా రెండు ముడులు వేసేవాణ్ణి వరంగల్‌లో నేనొక్కణ్ణే.

అప్పుడు గుర్తొచ్చింది. మూడేళ్ల కింద జోరున వాన కురుస్తున్న రోజు చెవికి పోగున్న ఎవరో కుర్రవాడు టిఫిన్ డబ్బాలో కాయిల్ ఒక్కటే తెచ్చాడు. పొద్దుందాకా బల్ల మీదే కూర్చున్నాడు. "జర జల్ది జెయ్యన్నా, ఇది లేకుండ పోతే మా మామ ఇంట్లకు రానియ్యడు" అని నవ్వాడు. వార్నిష్ వేసిన కాయిల్ బల్బుల వేడి తగిలే పెట్టెలో రెండు రోజులు ఆరాలి, లేకుంటే తర్వాత చెమ్మ పీల్చుకుంటుంది. నేను గంటసేపు ఉంచాను. ముట్టుకుంటే వేలికి అంటలేదు, ఆరిందనుకున్నాను. దేనిదని కూడా అడగలేదు. ఏ పంపుసెట్‌దో అనుకొని, తడి తగలనీయకు అని మాత్రం చెప్పాను. ఆ కుర్రవాడు మళ్లీ నవ్వాడు. ఎందుకు నవ్వాడో నాకు మూడేళ్లకు తెలిసింది.

అయినా మనసు ఒప్పుకోలేదు. కాయిల్‌ను తిరిగి బిగించి, ప్లగ్గును ఇంజన్ బాడీకి ఆనించి తాడు గుంజాను. సన్నగా నీలం రవ్వ వచ్చింది. తర్వాత కాయిల్‌కు తడిగుడ్డ చుట్టి మధ్యాహ్నం దాకా ఉంచి మళ్లీ గుంజాను. రవ్వ లేదు. పది సార్లు గుంజాను. లేదు. ఎల్లయ్య ఆ సాయంత్రం ఎన్నిసార్లు గుంజాడో అనిపించింది.

దొంగ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. ఆ దారం కోసి మోరీలో పడేస్తే అడిగేవాడు లేడు. కండెన్సర్ పోయిందంటే సరిపోయేది. కత్తెర చేతిలో పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. కోయలేదు.

ఆ కాయిల్ తీసి పక్కన పెట్టి, కొత్తది చుట్టాను. ఈసారి నాలుగు రోజులు ఆరబెట్టి మోటారుకు బిగించాను. ఎవరికోసమో నాకే తెలియదు.

ఎల్లయ్య వచ్చాడు. "నీ తప్పు లేదన్నా. చోక్ కాదు, పెట్రోల్ కాదు. కాయిల్ లోపలికి చెమ్మ జొచ్చింది. నువ్వే గాదు, ఎవరు గుంజినా స్టార్ట్ కాకపోయేది" అన్నాను.

ఆయన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ముఖం విప్పారింది. "ఆ కాయిల్ ఇయ్యి తమ్మీ, అక్కకు సూపిస్త" అంటూ లేచాడు. తలుపు దాకా పోయి ఆగాడు. "చెమ్మ జొచ్చేటట్టు ఎవడు జుట్టిండు దీన్ని?"

"నేనే అన్నా."

అంతా చెప్పాను. వాన, టిఫిన్ డబ్బా, గంటసేపు బల్బు. తిడతాడని, కొడతాడని చూశాను. కొడితే బాగుండేది.

"ఆ పిలగానికి ఎడమ చెవుకు పోగుండెనా?" అని అడిగాడు.

"ఉండె."

"వాడే రమేశ్."

ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. "చేపపిల్లలు వదిలే రోజులని నేనే తొందర వెట్టిన తమ్మీ. వాడు వాన తగ్గినంక పోత అన్నడు. కాయిల్ లేకుండ ఇంటికి రాకురా అని తిట్టి పంపింది నేనే."

నేనేదో అన్నాను. నాది తప్పన్నాను, మీ అక్క దగ్గరకు నేనొచ్చి చెప్తానన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "వద్దు. ఇన్ని దినాలు గాబరల తెల్వక చేసిన్నేమో అనుకున్న. గది నయముండె." కాయిల్ నా బల్ల మీద పెట్టి, మోటారు వైపు చూడకుండా బస్సుకు నడిచిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆరని కాయిల్ ఇప్పుడు నా దుకాణం గడప దాటదు. ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా ఇవ్వను. మొండివాడని బజారంతా అంటారు, అననీ. ఆ బుద్ధి నాకు రావడానికి ఒక మనిషి పోవాల్సి వచ్చింది. ఇంకో మనిషి నిజం కోసం నా దగ్గరకొచ్చి, ఉన్న కొంచెం ఊరటా పోగొట్టుకున్నాడు.

మోటారు నా బల్ల కిందే ఉంది. వాన పడ్డప్పుడల్లా బయటికి తీసి ప్లగ్గు ఆనించి తాడు గుంజుతాను. మొదటి గుంజుకే చిటుక్కున నీలం రవ్వ వస్తుంది. బాగా ఆరిన కాయిల్‌తో కూడా ఒక్కసారన్నా రాకుంటే బాగుండు అనిపిస్తుంది.