నాలుగు గొంతుల పుస్తకం

2023 వానాకాలం. సూర్యాపేట బస్టాండు వెనక గల్లీలో నాది ఒక్క కంప్యూటరున్న డీటీపీ సెంటర్. డీటీపీ అంటే పేజీలో ఏ అక్షరం ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో పేర్చి ప్రెస్సుకు పంపే పని. ఒకప్పుడు పెళ్లి కార్డు కోసం రెండు దిక్కుల చుట్టాలూ వచ్చి నా బల్ల మీదనే కొట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్‌లోనే పంపుతారు, ఫోన్‌లోనే తీసుకుంటారు. పొద్దంతా నాతో మాట్లాడేది యూపీఎస్ ఒక్కటే. అదీ కరెంటు పోయినప్పుడే.

మా నాయనది బట్టల దుకాణం. బేరమాడకుండా నేను అగ్గిపెట్టె కూడా కొనను. ఒకసారి బస్సు టికెట్టుకు బేరమాడితే కండక్టర్ నన్ను దిగమన్నాడు. అట్లాంటి నాకు ఈ పనిలో నచ్చింది మాత్రం 'ఒకటే ధర' బోర్డు. మా భాషలో దాన్ని స్టైల్ అంటారు. హెడ్డింగ్ ఇంత, మామూలు పేరా ఇంత అని ఒకసారి పేరుపెట్టి ఖాయం చేస్తే పుస్తకమంతా అదే నడుస్తుంది. తర్వాత ఆ ఒక్కచోట మార్చితే ప్రతి పేజీలోనూ మారుతుంది. అట్లా కాక ఒక్కో వాక్యాన్ని పట్టుకొని చేత్తో దిద్దుతూ పోవడమంటే, గిరాకీ గిరాకీతో బేరమాడటమే. పెళ్లి కార్డుకు, ఫ్లెక్సీకి అది చెల్లుతుంది. పుస్తకానికి చెల్లదు.

ఆ వానల్లోనే మిర్యాలగూడ నుంచి సైదులు వచ్చాడు. రైస్‌మిల్లులో మిషన్ నడిపి, ఆ పని మానుకున్న మనిషి. భార్య సుగుణమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి వచ్చినవాళ్లకు స్టీలు గిన్నెలు పంచడం మా దిక్కు ఆనవాయితీ. ఆయన గిన్నెల బదులు పుస్తకం పంచుతానన్నాడు. ఆమె అన్న మాటలు, ఏ సందర్భంలో అన్నదో ఆ నాలుగు ముక్కలు, అంతే.

"మిర్యాలగూడల డీటీపీ దుకాణాలు లేవా అన్నా?" అన్నాను.

"మస్తున్నయ్ సేటు. అందరు ఎరికైనోళ్లే. నన్ను సూడంగనే అయ్యో అంటరు. పని ముందటికి పోదు."

ఇక రోజూ వచ్చి నా పక్కన స్టూలేసుకొని కూర్చునేవాడు. నేను టైపు కొట్టుకుంటూ పోతుంటే వేలు తెరమీద పెట్టేవాడు.

"గిది కోపంగ అన్నది. జర పెద్దగ పెట్టు."

'ఆ ఊక దుమ్ముతోని ఇంట్లకు రాకు, గాడనే దులుపుకో!' అన్న మాట అది. పెద్దగా పెట్టాను.

"గిది నవ్వుకుంట అన్నది. గిదేమో అటు తిరిగి అన్నది."

"అటు తిరిగి అన్నదానికి అక్షరాలు దొరకయి సైదులన్నా. ఆమెకు ఎన్ని గొంతులున్నయో చెప్పు, ఒక్కోదానికి ఒక్కో స్టైల్ చేస్త. రెండు ఇస్త. కోపం, మామూలు."

"రెండా! మా ఇంట్ల కోడికే అంతకన్న ఎక్కువున్నయ్."

"మూడు."

"పది."

"ఆఖరి మాట. నాలుగు. పైన ఒక్కటి గూడ రాదు."

ఆయన వేళ్ల మీద లెక్కేసుకొని ఒప్పుకున్నాడు. కోపం, మామూలు, ఎత్తిపొడుపు, మురిపెం. 'నీకు ఆకలైతే నేను గుర్తొస్త, నాకు ఆకలైతే పొయ్యి గుర్తొస్తది' అన్నది ఎత్తిపొడుపులోకి పోయింది. మురిపెంలో ఒకటి నాకు బాగా నచ్చి మెచ్చుకుంటే, "గది నన్ను గాదు సేటు, బర్రెనన్నది" అన్నాడు.

"గిన్ని తేడాలు ఎవరు సూస్తరన్నా?" అని ఉండబట్టలేక అడిగాను.

"మా అత్త. పెద్దవూరల ఉంటది. చెవులు పోయినయి. బిడ్డ గొంతు వినక శానేండ్లాయె. కండ్లు ఇంక పనిచేస్తున్నయి. గొంతు సూపియ్యాలె గద."

ఆ పూట ఇంక నేను బేరమాడలేదు.

చివరి పేజీలో ఒక్క మాటే ఉంది. దవాఖానలో అన్నది. 'లైటు బంద్ చెయ్. నువ్వు గూడ జర ఒరుగు.' ఇది నాలుగింట్లో ఏ గొంతని అడిగాను. ఏదీ కాదన్నాడు. "తగ్గియ్" అన్నాడు. తగ్గించాను. "ఇంకా." అక్షరాలు కనబడీ కనబడనంత చిన్నగా అయినాక ఆగమన్నాడు. దానికి స్టైల్ లేదు. చేత్తో పెట్టిందే.

ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూసుకునే ప్రతి, తీసుకొని పెద్దవూర పోయాడు. వచ్చేటప్పటికి మొహం వాడిపోయి ఉంది.

"అత్త కండ్లకు ఆనలే సేటు. అక్షరాలు చీమలు పారినట్టున్నయ్ అన్నది."

అప్పుడే కోదాడ ప్రెస్సు నుంచి ఫోను. "ఏంటండీ, ఫైలు పంపుతారా లేదా? రేపటి నుంచి మిషన్ ఖాళీ ఉండదు, వేరే పని ఎక్కుద్ది. మళ్లీ దసరా తర్వాతే." సంవత్సరీకం దసరాకు ముందే.

స్టైళ్ల జాబితా తెరిచి నాలుగు గొంతులకూ, మామూలు పేరాకూ సైజు పెంచాను. పుస్తకమంతా పొంగింది. పేజీలు పెరిగాయి. కిందికి జారిన హెడ్డింగులు పైకి సర్దాను.

"గంతేనా?"

"గంతే."

"నేను చెప్పినట్టు ఒక్కోటి దిద్దితే?"

"పై సంవత్సరీకానికి అందేది."

ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. చివరి పేజీకి వచ్చాక ఆ నవ్వు ఆగింది. చేత్తో పెట్టిన సైజు స్టైల్ మాట వినదు. పుస్తకమంతా పెరిగినా ఆ ఒక్క మాట అంతే చిన్నగా ఉండిపోయింది. పెంచబోయాను.

"ఆగు సేటు."

"అత్తకు ఆనదన్నా. సైజు రెండు పాయింట్లు పెంచుత."

"వద్దు."

"పోనీ ఒక్కటి."

"ఆ దినం నాక్కూడ ఇనబడలే. మంచం మీదికి ఒంగి, నోటికాడ చెవి పెడితే ఇన్న."

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. ఫైలు కోదాడకు పంపించాను.

సంవత్సరీకం అయినాక ఒక ప్రతి ఇవ్వడానికి వచ్చాడు. అత్త చదివిందా అని అడిగాను.

"ముసురు పట్టి ఇల్లంత చీకటి. లైటు ఏసుకొని కూసున్నది. కోపం మాట వచ్చినప్పుడల్ల 'జర మెల్లగ అను బిడ్డా' అంటది. నేను బయటికి పోయి నిలబడ్డ."

"ఆఖరి పేజీ?"

"ఆనలే. పుస్తకం మొకానికి ఆనించుకున్నది. మస్తుసేపు గట్లనే ఉన్నది."

"ఆ తర్వాత?"

"పట్టపగలు, లేసి లైటు బంద్ చేసింది."

సైదులు మళ్లీ రాలేదు. సూర్యాపేటలో ఆయనకింక పనేముంది? కొత్త పుస్తకం వస్తే పాత ఫైలే తెరిచి, మాటలన్నీ తుడిచేసి, స్టైళ్లు ఉంచుకోవడం మా అలవాటు. అందుకని ఎవరి పుస్తకం మొదలుపెట్టినా తెరకు పక్కన కోపం, మామూలు, ఎత్తిపొడుపు, మురిపెం అని పేర్లు వస్తాయి. మాటలుండవు. ఖాళీ స్టూలు పక్కన కూర్చొని కాసేపు వాటినే చూస్తుంటాను.

పని నేర్చుకోవాలని వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పది చోట్ల వచ్చేదానికి పేరుపెట్టి స్టైల్ చెయ్యండి. ఒక్కసారే వచ్చేదాన్ని చేత్తో పెట్టండి. పెట్టినాక మళ్లీ దాని జోలికి పోకండి.